రాయి మోసినవాడు



స్పెయిను దేశములో మధ్యధరా సముద్రపు ఒడ్డున బార్సిలోనా అను మహాపట్టణమున్నది. మీలో అనేకులు ఆ పేరును బంతి ఆట మూలముగా వినియుందురు. మన పల్లె పిల్లల చొక్కాలమీద కూడ ఆ పేరు కనబడుచున్నది. ఆ పట్టణమును కన్నులార చూచు భాగ్యము నాకు లభించినది. మా చిన్నకుమారుడు అక్కడ కంప్యూటరు ఉద్యోగము చేయుచు, 2025 నవంబరు నెలలో టిక్కెట్టు పంపి, "నాన్నగారూ, ఒక్క వారం వచ్చి వెళ్లండి" అని బలవంతపెట్టెను. ఏబదియారేండ్ల వయస్సులో అదియే నా మొదటి విమానప్రయాణము. అయితే నేను చూచిన మేడలన్నిటిని వర్ణించుటకు ఈ మాటలు వ్రాయుటలేదు. అక్కడ చూచినవి నా తప్పు నొకదానిని నాకు చూపించెను. దానిని మీయెదుట ఒప్పుకొనుటకే వ్రాయుచున్నాను.

ముందుగా మా పల్లె సంగతి చెప్పవలెను. మాది పలనాటి మెట్టప్రాంతములోని చిన్న సంఘము. అందరును కూలి చేసికొనువారు, కౌలు రైతులు. తొమ్మిదేండ్ల క్రిందట క్రొత్త గుడికి పునాది వేసి, శంకుస్థాపన ఫలకముమీద నా పేరు కూడ చెక్కించితిని. గోడలు కిటికీల ఎత్తువరకు లేచి నిలిచిపోయినవి. మిరప ధర పడిపోయిన యేడు కానుకలు లేవు. వాన లేని యేడు కూలియే లేదు. ఆ మొండిగోడలను చూచినప్పుడెల్ల నా పేరే నన్ను వెక్కిరించుచున్నట్లుండెడిది.

మా సంఘములో డెబ్బది దాటిన పెద్దాయన యొకడు కలడు. యౌవనమందు రాతిగనిలో పనిచేసినవాడు. ప్రతి శనివారము గుట్టకు పోయి, మంచి రాయి నొకటి ఏరి, భుజముమీద మోసికొనివచ్చి గుడియొద్ద దింపి పోవుచుండెను. వారమునకు ఒక్క రాయి మాత్రమే. రెండేండ్ల క్రిందట ఒక దినమున కంట్రాక్టరు అది చూచి నవ్వెను. నాకు సిగ్గు కలిగి, "పెద్దయ్యా, ఇట్లా ఒక్కొక్క రాయి తెస్తే గుడి ఎప్పటికి లేస్తుంది? ఇంక ఇక్కడికి తేవద్దు" అంటిని. ఆయన మారుమాట పలుకక వెళ్లిపోయెను. మరల రాయి తేలేదు. నేనును ఆ మాట మరచిపోతిని. ప్రయాణమునకు ముందు, నన్ను వేరొక సంఘమునకు బదిలీ చేయుడని బిషప్పుగారికి ఉత్తరము వ్రాసి, తిరిగివచ్చిన తరువాత పంపవచ్చునని బీరువాలో ఉంచితిని.

బార్సిలోనా చేరిన మరునాడు మా కుమారుడు నన్ను సగ్రాదా ఫమీలియా అను దేవాలయమునకు తీసికొనిపోయెను. పరిశుద్ధ కుటుంబము అని దాని అర్థము. అది రోమను కథోలికుల గుడి. నేను వేరొక సంఘమునకు చెందినవాడను. అయినను లోపలికి అడుగిడగానే నా తలపాగా తీసి చేతబట్టుకొంటిని. స్తంభములు చెట్ల బోదెలవలె లేచి, పైన కొమ్మలుగా చీలి కప్పును మోయుచున్నవి. తూర్పు కిటికీలకు నీలము, ఆకుపచ్చ అద్దములు. పడమటి కిటికీలకు ఎరుపు, నారింజ వన్నె అద్దములు. ఉదయమున అడవిలోని నీడవంటి వెలుగు, సాయంకాలమున పొయ్యిలోని నిప్పులవంటి వెలుగు నేలమీద పరచుకొనును.

ఆ గుడికి 1882లో పునాది వేసిరి. మరుసటి సంవత్సరము ఆంటోనీ గౌడీ అను ముప్పదియొక్క యేండ్ల శిల్పి ఆ పనిని చేపట్టి, నలుబది మూడేండ్లు దానిమీద పనిచేసెను. అది మొదటినుండి ప్రజల కానుకలతో కట్టుచున్న గుడి. డబ్బు చాలనప్పుడు గౌడీ తానే చేయి చాచి కానుకలు అడిగెను. 1926 జూన్ 7న ఆయన వీధి దాటుచుండగా ట్రాము బండి తగిలెను. చిరిగిన బట్టలు చూచి బిచ్చగాడనుకొని, బీదల ఆసుపత్రిలో చేర్చిరి. మూడు దినములకు కన్నుమూసెను. తలపెట్టిన 18 గోపురములలో ఆయన జీవించియుండగా ముగిసినది ఒక్కటే.

అటుతరువాత 1936లో అంతర్యుద్ధము వచ్చెను. అల్లరిమూకలు ఆయన పనిశాలలో చొరబడి, పటములను కాల్చి, ప్లాస్టరు నమూనాలను పగులగొట్టిరి. వెనుకటివారు ఆ ముక్కలను ఏరి, అతికి, గౌడీ మనస్సులోని గుడి యెట్టిదో తెలిసికొని మరల కట్టసాగిరి. నేను వెళ్లుటకు కొద్ది దినములు ముందు, 2025 అక్టోబరు 30న, నడిమి గోపురముమీద సిలువలోని మొదటి భాగము నిలిపిరి. అంతటితో దాని ఎత్తు 162 మీటర్లు దాటి, అంతవరకు లోకములో అన్ని గుళ్లకంటె ఎత్తైనదిగా నుండిన జర్మనీలోని ఊల్మ్ పట్టణపు లూథరను గుడిని మించెను. ఆ గోపురమునకు నిర్ణయించిన ఎత్తు 172.5 మీటర్లు. పట్టణపు ప్రక్కనున్న మోంజూయిక్ కొండకంటె అది కొంచెము తక్కువ. మనుష్యుడు చేసినది దేవుడు చేసినదానిని మించరాదని గౌడీ తలంచెనట.

గుడి క్రింది ప్రదర్శనశాలలో నన్ను నిలిపివేసినది వేరొక వస్తువు. కప్పునుండి అనేకమైన సన్నని త్రాళ్లు తోరణములవలె వ్రేలాడుచున్నవి. వాటికి చిన్న చిన్న సంచులు కట్టియున్నవి. గౌడీ మరియొక గుడికొరకు అట్టి నమూనా చేసి, సంచులలో సీసపు గుండ్లు నింపి, ఆ బరువులకు త్రాళ్లు ఏ వంపు తిరుగునో చూచి, దానిని తలక్రిందులు చేసి కమానుల రూపమును కనుగొనెనట. "ఒక్క సంచీ తీసేస్తే చుట్టూ ఉన్న వంపులన్నీ మారిపోతాయి నాన్నగారూ" అని మా కుమారుడు చెప్పెను. ఆ మాట నన్ను గ్రుచ్చెను గాని, ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

మూడవ దినమున సముద్రతీరమునకు పోతిమి. చలికాలము వచ్చుచున్నను జనులు ఇసుకమీద ఎండ కాగుచుండిరి. నేను ప్యాంటు మడిచి నీటిలో దిగితిని. నిజము చెప్పెదను: చిన్నపిల్లవానివలె సంతోషించితిని. అంతలో మా కుమారుడు, "ఈ ఇసుక చాలావరకు తెచ్చి పోసిందే. 1992 ఒలింపిక్స్ కోసం ఈ తీరమంతా బాగుచేశారు. అంతకుముందు ఇటువైపు ఫ్యాక్టరీలు, రైలుపట్టాలు ఉండేవి. తుపాను వస్తే ఇసుక కొట్టుకుపోతుంది" అనెను. ప్రసంగీకుని మనస్సు ఊరకుండదు గదా! మత్తయి సువార్త ఏడవ అధ్యాయములో ఇసుకమీద ఇల్లు కట్టినవాని సంగతి జ్ఞాపకమునకు వచ్చి, మంచి ప్రసంగము దొరికెనని లోలోపల పొంగిపోతిని.

అయితే అతడు ఇంకను చెప్పెను. ఆ తీరముననే సొమొర్రోస్ట్రో అను గుడిసెల పేట యుండెడిదట. పని వెదకుకొనుచు వచ్చిన బీదలు వేలమంది కెరటముల ప్రక్కనే రేకులతో, చెక్కలతో గుడిసెలు వేసికొని బ్రదికిరి. 1966లో ఆ గుడిసెలను తీసివేసిరి. ఇప్పుడు ఒక బీచికి ఆ పేరు మాత్రము మిగిలియున్నది. నేను నీటిలోనుండి బయటికి వచ్చి, పాదముల ఇసుక దులుపుకొనుచు మౌనముగా కూర్చుంటిని. ఇసుకమీద ఇల్లు కట్టిన బుద్ధిహీనుని గూర్చి చెప్పుట సులభమే. వేరొక చోటు లేక ఇసుకమీదనే ఇల్లు వేసికొనినవారితో ఆ ప్రసంగము ఎట్లు చెప్పుదును?

అక్కడినుండి నడిచి పోగా, ఇరుకు సందుల నడుమ సాంతా మరియా దెల్ మార్ అను పాత గుడి వచ్చెను. సముద్రపు మరియ యని దాని పేరు. ఓడవారి పేటలోని గుడి యది. 1329లో మొదలుపెట్టి 1383లో ముగించిరి. రాళ్లు మోంజూయిక్ కొండనుండి తెచ్చిరి. వాటిని మోసినవారు రేవులో సరకులు మోయు కూలీలు. దినమంతయు ఓడల బరువులు మోసిన వీపులతోనే గుడికొరకు రాళ్లు మోసిరి. ఆ కూలీలను ఆ గుడి మరువలేదు. పెద్ద తలుపులమీద రాయి మోయుచు వంగియున్న మనుష్యుని చిన్న కంచు బొమ్మ కలదు.

చదువరులారా, ఆ బొమ్మయెదుట నా కాళ్లు ఆగిపోయినవి. ఆ వంగిన మెడను నేనెరుగుదును. శనివారపు ఎండలో మా గుట్ట దిగివచ్చు మెడ యదే. ఈ పట్టణము ఒకనాడు బీదలను తీరమునుండి తీసివేసెను. ఇదే పట్టణము కూలివానిని దేవుని తలుపుమీద నిలిపెను. మరి నేను ఏమి చేసితిని? తలుపుమీద నిలుపదగినవానిని గుమ్మమునుండి పంపివేసి, ఫలకముమీద నా పేరు చెక్కించుకొంటిని. తీసివేసిన సంచీ ఏదో అప్పుడు నాకు తెలిసెను.

మన మెదక్ మహాదేవాలయము కూడ జ్ఞాపకము వచ్చెను. 1914లో మొదలై 1924లో ప్రతిష్ఠింపబడిన ఆ గుడిపని కరువు దినములలో ఆకలిగొన్న కూలీలకు అన్నము పెట్టెను. వేదాంత కళాశాలలో చదువుకొన్న దినములలో దానిని చూచి, ఎత్తును, అద్దపు కిటికీలను మెచ్చుకొంటిని. ఎవరి చేతులు కట్టెనో తలంచలేదు.

ఇంటికి వచ్చిన మరునాడే పెద్దాయన ఇంటికి పోతిని. ఆయన వసారాలో కూర్చుండి త్రాడు పేనుచుండెను. "పెద్దయ్యా, ఆరోజు నేనన్న మాట తప్పు. నన్ను క్షమించు" అంటిని. ఆయన నావైపు కొంతసేపు చూచి, లేచి, "రండి అయ్యగారూ" అని ఇంటి వెనుకకు నడిచెను. అక్కడ సొరపాదు అల్లుకొన్న యొక కుప్ప కనబడెను. ఆయన కర్రతో తీగలు ప్రక్కకు నెట్టెను. క్రింద అన్నియు రాళ్లే.

"మీరు గుడికాడికి తేవద్దన్నారు. ఏరొద్దనలేదు గదా" అనెను.

నేను లెక్కించితిని. 83 రాళ్లు. "తక్కిన శనివారాలు మోకాలు లేవలేదయ్యగారూ" అని, తానే అపరాధియైనట్లు చెప్పెను. నాకు మాట రాలేదు. రాయి నొకదానిని భుజముమీదికెత్తుకొని గుడివైపు నడిచితిని. సగము దారిలో రెండుసార్లు దింపవలసివచ్చెను. ఒక్క రాయి అని నేను తేలికగా అన్నదాని బరువు ఆనాడు తెలిసినది. నన్ను చూచి యౌవనులు వచ్చిరి. చీకటిపడులోగా కుప్పయంతయు గుడి చేరెను.

ఆ రాళ్లతో మా తూర్పు గోడ రెండు వరుసలు లేచెను. పైకప్పు ఇంకను లేదు. నేను చూతునో లేదో ఎరుగను. బిషప్పుగారికి వ్రాసిన ఉత్తరమును పంపలేదు. ఫలకముమీది నా పేరును మాత్రము మేస్త్రీచేత చెక్కివేయించితిని.

మీ సంఘములో ఒక్కొక్క రాయి తెచ్చువారు ఎవరు? చిల్లర కానుకను కొంగుముడి విప్పి వేయు విధవరాలా? స్వరము తప్పినను పాడు ముసలివాడా? చెప్పక చాపలు దులిపి పరచు పిల్లయా? వారిలో ఎవరినైన మీరొక మాటతో ఆపివేసియుంటిరేమో, ఈ సాయంకాలమే వారి ఇంటికి పోయి చూడుడి. వెనుకప్రక్క, తీగల క్రింద, వారు ఇంకను కూర్చుచునే యుండవచ్చును.