నూనె నలుపు
ఖరగ్‌పూర్‌లో నాన్నగారు మిగిల్చి వెళ్లిన డీజిల్ అంబాసిడర్ వారానికొకసారి, అమ్మను ఆసుపత్రికి చేర్చడానికే కదులుతుంది. ఉత్తర్‌పారాలో దాని తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇంజను చెడితే మరొకటి వెదకాలి.

ఖరీదైన సింథటిక్ నూనె పోయమన్నారు కొందరు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసిన పొరుగింటి మావయ్యగారు మాత్రం, “డీజిలుకని రాసి ఉన్న 15డబ్ల్యూ-40 మినరల్ ఆయిలు చాలునమ్మా. కిలోమీటర్లు చూడకు, ఏడాది తిరగగానే మార్చెయ్యి” అన్నారు. ఆ ‘డబ్ల్యూ’ శీతకాలానికి గుర్తట. అనువాదకురాలిని గనుక అక్కడ కాసేపు ఆగాను!

నూనె నల్లబడగానే చెడినట్లు కాదు. మసిని తనలో పట్టి ఉంచుతున్నదన్నమాట. అసలు చేటు చిన్న ప్రయాణాలతోనే. ఇంజను బాగా వేడెక్కనిదే లోపలి తేమ ఆవిరికాదు. అది పొగలోని గంధకంతో కలిసి ఆమ్లమై బేరింగులను తినివేస్తుంది. అందుచేత ఆసుపత్రి పని కాగానే కారును కంసావతి వంతెన దాకా పోనిస్తాను. అమ్మ కిటికీ అద్దం దించుకొని కూర్చుంటుంది.