ఆటల పేజీలో ఊరు

ఓహాయో రాష్ట్రంలో మాసిలన్ అనే ఊళ్ళో మగపిల్లాడు పుడితే, ఆసుపత్రిలోనే వాడి పక్కన ఓ బుల్లి అమెరికన్ ఫుట్‌బాల్ పెట్టేవారు. హైస్కూలు టీము 'టైగర్స్'కి వెన్నుదన్నుగా ఉండే బూస్టర్ క్లబ్బు వాళ్ళ కానుక అది. కళ్ళు కూడా సరిగ్గా తెరవని పసిగుడ్డు, పక్కన తోలుబంతి. ఊరి గురించి ఎవరు ఏం రాసినా ఈ ఫొటో ఉండాల్సిందే. మరి ఆడపిల్ల పుడితేనో అని మా పక్కింటి పెద్దాయన్ని అడిగాను. "ఆడపిల్ల బ్యాండులో చేరుతుంది" అన్నాడు తడుముకోకుండా. ఆయనకి ముగ్గురూ ఆడపిల్లలే. ముగ్గురూ బ్యాండులో చేరారట.

మేముండేది క్యాంటన్‌కీ మాసిలన్‌కీ మధ్యలో. రెండూళ్ళకీ ఎడం ఎనిమిది మైళ్ళు. క్యాంటన్ పెద్దది, పేరున్నది. ఇవాళ్టి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌కి 1920లో పురుడు పోసింది అక్కడి ఓ కార్ల షోరూములో. ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్నదీ అక్కడే. మాసిలన్ ఉక్కుమిల్లుల ఊరు. జనాభా 32 వేలు, స్కూలు స్టేడియంలో సీట్లు 16 వేల పైచిలుకు. ఊళ్ళో సగం మంది ఇళ్ళకి తాళాలేసి వచ్చినా కూర్చోబెట్టగలరు. ఆ స్టేడియాన్ని 1939లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వం పనికల్పన పథకం కింద కట్టించింది. మనవైపు కరువు పనుల్లో చెరువులు తవ్వించినట్టు ఇక్కడ స్టేడియం లేపారన్నమాట.

ఆట నాకు మొదట్లో బొత్తిగా బోధపడలేదు. చెరో పదకొండుమంది, వంద గజాల మైదానం, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి జరగాలి, జరక్కపోతే బంతి అవతలివాళ్ళకి. ఇది అర్థమైతే చాలు, మిగతాది పక్క సీటువాడు చెబుతాడు. అడక్కుండానే చెబుతాడు. ఆట ఉన్న శుక్రవారం సాయంత్రం వీధులన్నీ టీము రంగులైన నారింజ, నలుపుల్లోకి మారిపోతాయి. టైగర్ స్వింగ్ బ్యాండు మైదానంలోకి వస్తూ 'టైగర్ ర్యాగ్' అందుకోగానే, తొంభై ఏళ్ళ ముసలమ్మ కూడా కర్ర పక్కన పెట్టి లేచి నిలబడుతుంది. ఆ బ్యాండు 1938 నుంచీ ఉంది.

ఈ పిచ్చికి మూలపురుషుడు పాల్ బ్రౌన్. రైల్వే ఉద్యోగి కొడుకు. ఈ స్కూల్లోనే ఆడి, 1932లో కోచ్‌గా తిరిగొచ్చాడు. తొమ్మిది సీజన్లలో 80 గెలుపులు, 8 ఓటములు, 2 డ్రాలు. తర్వాత ఓహాయో స్టేట్ యూనివర్సిటీకి, ఆ పైన క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కి. ఆ టీము పేరులో ఉన్నది ఈయనే. కానీ మాసిలన్ వాళ్ళ లెక్కలో ఇదంతా ఉపోద్ఘాతం. అసలు కథ 1940. ఆ ఏడాది పది ఆటల్లో మాసిలన్ చేసిన పాయింట్లు 477, ఇచ్చినవి 6. ఆ ఆరూ క్యాంటన్ మెకిన్లీ హైస్కూలు వాళ్ళు చేశారు. 1894 నుంచి ఉన్న పగ మరి! ఆరు పాయింట్లు తెచ్చిన ఆ ఒక్క టచ్‌డౌన్ ఎలా జరిగిందో పెద్దాయన నాకు ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పాడో. అప్పటికి ఆయన పుట్టనైనా పుట్టలేదు.

పుట్టకముందు జరిగింది ఎలా తెలిసిందంటే, పేపరు వల్ల. ఊరి పేపరు పేరు ఇండిపెండెంట్. 1930ల్లో దాని ఆటల ఎడిటర్ లూథర్ ఎమెరీ. ఆయన ఆట రిపోర్టు రాస్తే ఎవడు పట్టుకున్నాడు, ఎవడు పడేశాడు, ఎన్ని గజాలు, చివరి నిమిషాల్లో మొహం చూపించడానికి దిగిన కుర్రాడెవడు, అన్నీ ఉంటాయి. చిన్న ఊరి పేపరుకి ఉన్న సూత్రం ఒకటే: వీలైనన్ని పేర్లు. ఒక్కో పేరుకీ ఆ ఇంటికి నాలుగు కాపీలు అమ్ముడవుతాయి. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు తెచ్చినప్పుడు తెలుగునాట కనిపెట్టింది కూడా ఇదే. జడ్పీ హైస్కూలు ఖోఖో టీము ఫొటో పడిన రోజున ఆ ఊరి బంకులో పేపర్లు తొమ్మిదింటికే అయిపోయేవి. జనన మరణాలు, పెళ్ళిళ్ళు, చర్చిలో భోజనాలు, మున్సిపల్ మీటింగు, శుక్రవారం ఆట. ఊరంటే ఇంతే కదా. అందులో పేర్లు ఎక్కువ పట్టేది ఆటల పేజీలోనే.

పెద్దాయన చెప్పేవాటిలో ఇంకో కథ 1937ది. అప్పటికి మాసిలన్ వరసగా గెలుస్తూ వస్తోంది. ఆ ఏడు పెన్సిల్వేనియాలోని న్యూక్యాసిల్ వాళ్ళు 7-0తో ఓడించారు. పాల్ బ్రౌన్ ఇక్కడ ఉన్నన్నాళ్ళూ అదే చివరి ఓటమి. ఆ కథ ఆయన వాళ్ళ నాన్న నోట విన్నాడు. నాన్న ఉక్కుమిల్లులో పనిచేసేవాడు.

ఆ ఆట వివరాలు చూద్దామని లైబ్రరీకి వెళ్ళాను. మైక్రోఫిల్మ్ రీలు ఎక్కించి పిడి తిప్పుతుంటే నెలలు కళ్ళముందు జర్రున జారిపోతాయి; ఆగాల్సిన చోట ఆగదు, వెనక్కి తిప్పితే మరీ వెనక్కి పోతుంది. అలా ఫుట్‌బాల్ సీజన్ కోసం తిప్పుతూ జులైలో ఇరుక్కున్నాను. 1937 వేసవిలో రిపబ్లిక్ స్టీల్‌తో సహా కొన్ని కంపెనీలలో సమ్మె నడిచింది. యూనియన్‌ని గుర్తించమన్నారు కార్మికులు, కుదరదన్నాయి కంపెనీలు. జులై 11 రాత్రి ఇదే మాసిలన్‌లో యూనియన్ ఆఫీసు దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికులు చనిపోయారు. సెప్టెంబరు వచ్చేసరికి అదే ఊళ్ళో జనం టికెట్ల కోసం క్యూలు కట్టారు.

వచ్చి పెద్దాయన్ని అడిగాను. కాసేపు ఆలోచించి, "సమ్మె అయిందని తెలుసు. ఇంట్లో మాట్లాడేవారు కాదు" అన్నాడు. అంతే. న్యూక్యాసిల్ ఆటలో వర్షం పడిందా లేదా అని మాత్రం గంట మాట్లాడాడు.

పేపరు వాళ్ళు దాచారనుకోవడానికి లేదు. కాల్పుల వార్తా వేశారు, ఆట వార్తా వేశారు. తేడా తర్వాత వచ్చింది. ఆట వార్త ప్రతి ఏడాదీ తిరిగి ప్రాణం పోసుకుంటుంది: మెకిన్లీతో ఆడే వారం రాగానే పాత స్కోర్లు వేస్తారు, పాత హీరోల్ని పిలిచి దండలేస్తారు, తాత మనవడికి చెబుతాడు. కాల్పుల వార్తకి తద్దినం పెట్టేవాడు లేడు. చరిత్ర అచ్చులో పడితే చాలదు, ఏటేటా ఎవరో ఒకరు తవ్వి తీస్తూండాలి. మాసిలన్‌లో తవ్వే ఓపిక ఫుట్‌బాల్ అభిమానికే ఉంది. 1890ల నుంచి జరిగిన ప్రతి ఆటా, స్కోరూ, ఎమెరీ రాసిన పాత రిపోర్టులతో సహా నెట్‌లో ఎక్కించి పెట్టుకున్నారు. తొమ్మిది వందలు దాటిన గెలుపుల్లో ఏదడిగినా లెక్క చెబుతారు. మిల్లులో ఏ డిపార్టుమెంటు ఏ సంవత్సరం మూసేశారని అడిగితే మాత్రం ఇంటికో జవాబు.

అయితే ఈ పిచ్చిని వెక్కిరించి ఊరుకోవడం నాకు నచ్చదు. 1938-40 మధ్య ఇక్కడ ఆడిన హోరేస్ గిల్లమ్ నల్లవాడు. తర్వాత పాల్ బ్రౌన్ వెంట క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌లోనూ ఆడాడు. ఊళ్ళో చాలా తలుపులు మూసి ఉన్న కాలంలో ఈ స్టేడియం గేటు మాత్రం తెరుచుకుంది. అలాగని కొబ్బరికాయ కొట్టి పూజ చేయడమూ నా వల్ల కాదు. 1999 సీజన్ మీద మాసిలన్‌లోనే పుట్టిన కెన్నెత్ కార్ల్‌సన్ 'గో టైగర్స్!' అని డాక్యుమెంటరీ తీశాడు. అందులో, ఆటకి ఒళ్ళు బలుస్తుందని కుర్రాళ్ళని కావాలని ఓ ఏడాది అదే క్లాసులో ఉంచేయడం గురించి తల్లిదండ్రులు మామూలు విషయంలా మాట్లాడతారు. అదే ఏడాది స్కూలు కోసం ఇంటిపన్ను పెంచాలా వద్దా అని ఊళ్ళో ఓటింగు. టీము బాగా ఆడితే పన్నుకి ఓట్లు పడతాయేమోనన్న ఆశ సినిమా పొడుగునా కనిపిస్తుంది. లెక్కల మాస్టారి జీతం పదిహేడేళ్ళ కుర్రాడి మోకాలి మీద ఆధారపడటం ఏ ఊరికైనా క్షేమమా?

పులి సంగతి చెప్పకపోతే పెద్దాయన ఊరుకోడు. ఈ టీము మస్కట్ ఒబీ. ఏళ్ళ తరబడి ప్రతి సీజన్‌కీ నిజం పులిపిల్లని తెచ్చి మైదానం అంచున పెట్టేవారు. ఓహాయోలో 2011లో ఓ పెద్దమనిషి తన స్థలంలో పెంచుకునే సింహాల్నీ పులుల్నీ వదిలేసి గగ్గోలు పుట్టించాక, క్రూరమృగాల మీద రాష్ట్రం గట్టి చట్టం చేసింది. తర్వాత ఆ చట్టంలో ఈ హైస్కూలు పులిపిల్లకి మినహాయింపు పెట్టారు! శాసనసభలో కూడా ఫుట్‌బాల్ చూసేవాళ్ళు ఉంటారు కదా.

మళ్ళీ పేపరు సంగతికి వస్తే, ఇప్పుడు ఇండిపెండెంట్, 1815లో పుట్టిన క్యాంటన్ పేపరు రిపాజిటరీ, రెండూ ఒకే పెద్ద సంస్థ కిందివే. అమెరికాలో 2005 నుంచి ఇప్పటిదాకా మూడో వంతుకి పైగా పేపర్లు మూతపడ్డాయి. మిగిలినవాటిలో పేజీలూ తగ్గాయి, మనుషులూ తగ్గారు. ఆటకి మాత్రం ఎవరో ఒకరు వస్తారు. స్కూలు బోర్డు మీటింగులో, స్కూలు పన్ను డబ్బు ఎటు పోతోందో చెప్పే చోట, నేను వెళ్ళిన రోజున విలేఖరుల బల్ల ఖాళీగా ఉంది. మాసిలన్‌లో అంతో ఇంతో పెద్ద ఆసుపత్రి 2018లో మూతపడిన సంగతి అందరికీ తెలుసు. ఎందుకు పడిందో వివరంగా చెప్పగలిగినవాణ్ణి నేనింకా చూడలేదు.

2023 నవంబరు 30న మాసిలన్ రాష్ట్ర ఫైనల్‌లో హోబన్ స్కూలుని 7-2తో ఓడించింది. ఓహాయోలో రాష్ట్ర విజేతని తేల్చే ప్లేఆఫ్‌లు మొదలైంది 1972లో. అప్పట్నించీ ఎన్నోసార్లు దగ్గరదాకా వెళ్ళి చేజార్చుకున్న టైటిల్ అది. మర్నాడు పెద్దాయన సంబరంగా ఉంటాడని జిలేబీ పట్టుకుని వెళ్ళాను. చూస్తే మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. ఏదో పేపర్లో "మొదటి రాష్ట్ర టైటిల్" అని పడిందట. 1972కి ముందు విలేఖరుల ఓటింగుతో వచ్చిన టైటిళ్ళన్నీ ఏ గంగలో కలిశాయని ఆయన బాధ.

"లూథర్ ఎమెరీ ఉంటే ఇలా రాసేవాడా?" అన్నాడు. రెండు పేజీల ఉత్తరం అప్పటికే రాసేశాడు, చేత్తో. ఏ అడ్రసుకి పంపాలో తెలియడం లేదు. వెతికితే ఓ ఆన్‌లైన్ ఫారం దొరికింది. నేను టైపు చేస్తుంటే ఆయన చదివాడు. సగంలోకి వచ్చేసరికి పదాల పరిమితి దాటిందని ఎర్రగా వచ్చింది. ఏం తీసేద్దామన్నాను. నా వాదన తీసెయ్యి, పేర్లు మాత్రం ఉంచు అన్నాడు. పేర్లే సరిపోయాయి.