వైశాఖంలో చోడవరం చిక్కుడా?



పట్నం హోటళ్ళ వాళ్ళు ఈమధ్య మన ఊళ్ళ వైపు చూస్తున్నారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక, మనం పొద్దున్నే తాగి పొలానికి పోయే చోడి అంబలి కూడా మెనూలోకి ఎక్కింది. మంచిదే. కానీ నాకు జరిగింది మీకు చెప్పాలి.

మూడేళ్ళ కిందట విశాఖలో ఒక హోటల్ వాళ్ళు మా పందిరి చిక్కుడు అడిగారు. కోసిన నాడే బస్సు మీద వేసేవాణ్ణి. రైతుబజారు ధర మీద కిలోకి పది రూపాయలు ఎక్కువిచ్చారు. గోడ మీద 'చోడవరం రైతు చిక్కుడు' అని బోర్డు కూడా పెట్టారు. మా ఆవిణ్ణి తీసుకెళ్ళి చూపించాను.

సంక్రాంతి దాకా బాగానే ఉంది. నాటు చిక్కుడు సంగతి మీకు తెలిసిందే, రాత్రి పొడుగున్న రోజుల్లోనే పూత పెడుతుంది. పగలు పెరిగాక ఎంత నీరు పెట్టినా ఆకే. మాఘంలో ఒకరోజు ఇరవై కిలోలు కావాలన్నారు. నా దగ్గర పన్నెండే ఉన్నాయి. లేవంటే ఇంకొకర్ని చూసుకుంటారని భయం. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, మార్కెట్లో ఎనిమిది కిలోలు కొని కలిపి పంపేశాను.

మర్నాడు వంటాయన ఫోన్ చేశాడు. "గురువుగారూ, సగం కాయ ఉడికింది, సగం ఉడకలేదు. రెండు ఊళ్ళవా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఔనని ఒప్పుకున్నాను.

వైశాఖంలో బాకీ డబ్బుల కోసం వెళ్తే ఆ బోర్డు ఇంకా అక్కడే ఉంది. నేను కాయ పంపి రెండు నెలలు దాటింది. పళ్ళెంలో ఉన్నవి ఏడాదంతా కాసే పొట్టి రకం. అడగబోయాను, నా ఎనిమిది కిలోలు గుర్తొచ్చాయి. అయినా అడిగాను. "నేనూ ఒకసారి తప్పు చేశాను. బోర్డు తీసేయండి, కార్తీకంలో మళ్ళీ పెడుదురు గాని" అన్నాను. "ఎవరు చూస్తారండీ" అని నవ్వారు. తర్వాతి ఏడు నన్ను పిలవలేదు.

అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరేచోట పండిన గింజని ఆ పేరుతో అమ్మకూడదు. మన చిక్కుడుకి అలాంటి కాగితం లేదు. ఉన్నది మన మాట ఒక్కటే.

ఇప్పుడు ఒక చిన్న భోజన హోటల్‌కి ఇస్తున్నాను. బోర్డు లేదు, రేటూ కాస్త తక్కువే. ముందే చీటీ రాసిచ్చాను: కార్తీకం నుంచి మాఘం దాకా చిక్కుడు, ఎండల్లో పనస, ముంజలు, వానల్లో బీర, గోంగూర. లేని రోజు లేదంటాను. ఆ రోజు వాళ్ళు పప్పు వండుకుంటారు.

మీ దగ్గరికి ఎవరైనా వస్తే రేటు కన్నా ముందు మూడు తేల్చుకోండి. ఏ నెలలో ఏది ఇస్తారు, డబ్బు ఎన్నాళ్ళకిస్తారు, మన కాయ లేనినాడు మన ఊరి పేరు తీసేస్తారా. అలాగే మనమూ బయట కాయ కలపొద్దు. ఊరి పేరు నా ఒక్కడిదే కాదు, మీ అందరిదీ.