అలర్టులు బంద్ పెట్టి మేం పోగొట్టుకున్నవి

పోస్టు కొంచెం పెద్దగుంటది. హాస్టళ్లలో, కాలేజీల్లో కంప్యూటర్లు చూసుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఓపిక పట్టి చివరిదాకా చదవండి. మేం చేసిన తప్పు మీరు చెయ్యొద్దనే రాస్తున్నం.

రామకృష్ణాపూర్‌లో మా రూంలో నలుగురం ఉంటం. గోండు, కొలాం గూడేల నుంచి వచ్చినోళ్లం. నిరుడు తలా కొంత వేసుకొని ఒక పాత డెస్క్‌టాప్ కొన్నం. దాన్నే సర్వర్ చేసి హాస్టల్ వైఫైకి కలిపినం. గ్రూప్స్ పాత పేపర్లు, సీనియర్ల నోట్సులు అన్నీ అందులో ఎక్కించినం. దీపావళి సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు, దండారీ రోజుల్లో మా అవ్వలు, తాతలు చెప్పిన కథలు, పాడిన పాటలు ఫోన్లలో రికార్డు చేసినం. గోండిలో కొన్ని, కొలామిలో కొన్ని, మొత్తం 38 క్లిప్పులు. అవి కూడా సర్వర్‌లోనే పెట్టినం. ఫోన్లు నిండిపోయినయని ఫోన్లలోవి తీసేసినం.

సామాను పెట్టినంక కాపలా ఉండాలె గదా. ఇంకో పాత కంప్యూటర్‌లో జాబిక్స్ వేసినం. అది ఉచితంగ దొరికే సాఫ్ట్‌వేర్. లాత్వియాకు చెందిన అలెక్సీ వ్లాదిషెవ్ మొదలుపెట్టిండు, 2001లో జనానికి విడుదలైంది. నిమిషానికోసారి సర్వర్‌ను పలకరిస్తది. బతికున్నవా, ప్రాసెసర్ మీద భారం ఎంత, డిస్కు ఎంత నిండింది, ఇట్ల అడుగుతనే ఉంటది. తేడా వస్తే మా టెలిగ్రామ్‌కు మెసేజ్ కొడతది. మొదటి వారం మాకు మస్తు గర్వం. ఫోన్ మోగితే చాలు, నలుగురం లేచి ఉరికేటోళ్లం.

తర్వాత తిప్పలు మొదలైనయి. నెట్ ఒక్కసారి పోయి వస్తే 14 మెసేజ్‌లు. పోయింది నెట్ ఒక్కటే, కానీ వెబ్ పేజీ అందుతలేదు, ఫైల్ షేర్ అందుతలేదు, పింగ్ పోతలేదు అని అన్నీ విడివిడిగ మొత్తుకునేటివి. ఇంకొకటి, రాత్రి 2 గంటలకు బ్యాకప్ నడిచేటట్టు పెట్టుకున్నం. బ్యాకప్ నడిచినంతసేపు డిస్కు మీద, ప్రాసెసర్ మీద భారం పడుతది. రోజూ అదే టైంకు "లోడ్ ఎక్కువైంది" అని నాలుగు ఫోన్లు మోగుడు. పొద్దున పరీక్ష, రాత్రి రెండింటికి మోత. ఎవరికైనా కోపం రాదా?

అప్పుడు జాబిక్స్‌లో మెయింటెనెన్స్ పేజీ కనిపించింది. రోజూ రాత్రి 1 నుంచి పొద్దున 5 దాకా మెయింటెనెన్స్ అని పెట్టేసినం. ఎప్పటిదాకా అని అడిగితే 2035 అని కొట్టినం. నవ్వుకున్నం కూడా. అక్కడ ఇంకో ప్రశ్న ఉంటది: ఈ టైంలో డేటా తీసుకోవాల్నా, వద్దా? "వద్దు" అని పెట్టినం. ఆ రోజు నుంచి హాయిగ పండుకున్నం.

మేం మరిచిపోయింది ఏందంటే, డిస్కు ఆరోగ్యం చూసే చెక్‌ను మేమే రోజుకు ఒక్కసారి, రాత్రి రెండున్నరకు పెట్టుకున్నం. బ్యాకప్ సక్కగ అయిందా లేదా అని చూసే చెక్ మూడింటికి. రెండూ ఆ నాలుగు గంటల లోపలనే. అంటే, సర్వర్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన రెండు కబుర్లు వచ్చే టైంకు మేం చెవులే కాదు, కండ్లు కూడా మూసుకున్నం.

జనవరిలో ఒకరోజు సర్వర్ లేవలేదు. డిస్కు పోయింది. బ్యాకప్ ఉంది గదా అని ధైర్యంగ తెరిచి చూస్తే, పాత పేపర్లు ఉన్నయి, నోట్సులు ఉన్నయి. రికార్డింగులు లేవు. డిస్కు మీద కొన్ని జాగలు చదవరాకుండ పాడైనయి. బ్యాకప్ అక్కడిదాకా పోయి ఆగిపోతున్నది, రోజూ రాత్రి, వరుసగ 19 రాత్రులు. ఒక్క మెసేజ్ రాలే, ఎందుకంటే మేమే రావద్దన్నం. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో రెండు రోజులు ఆ డిస్కును గీకినం. 38లో 11 క్లిప్పులు దొరికినయి. దొరకని వాటిలో మా దోస్తు వాళ్ల అవ్వ చెప్పిన కథ ఉంది. ఆ అవ్వ సంక్రాంతికి ముందు పోయింది. ఇంక ఆ గొంతు ఎక్కడా లేదు.

మేం దిగాలుగ కూసుంటే మా వాచ్‌మన్ తాత అడిగిండు. సింగరేణిలో బాయి పని చేసి దిగిపోయిన మనిషి. మొత్తం విని, "లైన్‌మన్ ఎల్‌సీ తీసుకునేది చూసిండ్రా బిడ్డా?" అన్నడు. చూసినం. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకుంటడు. ఏ ఫీడర్, ఎవరు తీసుకున్నరు, ఎన్ని గంటలకు, అన్నీ రాసుకుంటరు. పని అయినంక తీసుకున్నాయనే తిరిగి ఇయ్యాలె. ఊరంతటి కరెంటు పదేండ్లకు బంద్ పెట్టి పోడు. తాత ఇంకో మాట కూడా చెప్పిండు. బాయిలో మీథేన్ గ్యాస్ 5 శాతం నుంచి 15 శాతం మధ్యల ఉంటే అంటుకొని పేలుతది. కానీ అయిదు దాకా ఆగరు. 1.25 శాతం దాటితేనే అక్కడ కరెంటు తీసేసి మనుషులను బయటికి పంపాలని రూల్. "గంట మోగుడు కాదు బిడ్డా, మోగినంక ఏం చెయ్యాల్నో ముందే తెలిసుండాలె" అన్నడు.

మాది చిన్న డబ్బా కథ. ఇదే సంగతి పెద్ద జాగల్లో ఎట్లుంటదో 2020 మే 7 తెల్లారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం చూసింది. ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ట్యాంకు వేడెక్కి ఆవిరి ఊరి మీద పడ్డది. లాక్‌డౌన్‌తో ఫ్యాక్టరీ ఆగి ఉన్న రోజులవి. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదిక చూస్తే, ట్యాంకులో వేడి కొలిచే ఏర్పాటు కింద భాగంలోనే ఉంది, పైన ఎంత వేడెక్కిందో తెలిసే దారి లేదు. సైరన్ మోగించే పాయింట్లు 36 ఉన్నయి, అయినా మోగించలేదు. 12 మంది చనిపోయిన్రు. పని ఆగిన టైం అంటే ప్రమాదం ఆగిన టైం కాదు. అప్పుడే కన్ను ఇంకా గట్టిగ తెరిచి ఉండాలె.

అందుకే ఇప్పుడు మా గోడ మీద కాగితం అంటించి పెట్టుకున్నం.

ఒకటి, మెయింటెనెన్స్ పెడితే పేరు, కారణం, ముగిసే టైం రాయాలె. పెట్టినోడే తీసెయ్యాలె.

రెండు, డేటా తీసుకునుడు ఆపొద్దు. డేటా తీసుకుంటనే మెసేజ్‌లు ఆపే రకం జాబిక్స్‌లో ఉంది. అట్ల పెడితే ఆ టైంలో వచ్చిన సమస్య రికార్డు అయితది. మెయింటెనెన్స్ అయిపోయే సరికి సమస్య ఇంకా ఉంటే అప్పుడు మెసేజ్ వస్తది. మేం ఆ రకం పెట్టుకొని ఉంటే మొదటి రాత్రి దాటి పొద్దున 5కే తెలిసేది.

మూడు, ఒక్క కారణానికి ఒక్క మెసేజే. నెట్ పోతే మిగతా 13 మొత్తుకోకుండ డిపెండెన్సీ పెట్టినం. లోడ్ ఒక్క క్షణం పెరిగితే కాదు, పావుగంట అట్లనే ఉంటేనే మోగాలె.

నాలుగు, మోగినప్పుడు ఎవరం ఏం చెయ్యకపోతే ఆ అలర్టు తీసెయ్యాలె. ఉత్తగ మోగే పది అలర్టులు అసలైన ఒక్కదాన్ని ముంచుతయి.

అయిదు, నెలకోసారి బ్యాకప్ నుంచి ఒక ఫైలు బయటికి తీసి వినాలె. తీసి చూడని బ్యాకప్‌ను నమ్మొద్దు.

సీనియర్ అన్న ఒకాయన అడిగిండు, మీకు ఇంత చిన్న వయసులో ఈ తిప్పలు ఎందుకు, అన్నీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోరాదా అని. ఇప్పుడు ఒక కాపీ అక్కడ కూడా పెడుతున్నం. కానీ అక్కడైనా ఎక్కిందా లేదా అని చూసే మనిషి కావాలె గదా అన్నా.

వచ్చే దండారీకి మళ్లీ పోతం, మళ్లీ రికార్డు చేస్తం. మా దోస్తు వాళ్ల అవ్వ కథను వాళ్ల అమ్మకు తెలిసినంత అడుగుతం. అవ్వ చెప్పినట్టు ఉండదని తెలుసు. మీ ఊర్లల్ల ఇట్ల రికార్డు చేసినవి ఉంటే ఈ రాత్రే ఇంకో జాగలో కాపీ పెట్టి, ఒకసారి తెరిచి వినండి. పెట్టుడు రాకపోతే కామెంట్‌లో అడగండి, మేం చెప్తం.