మాహులి కొండ మీద రాత్రి: మనం తీర్చని బాకీ



పోయిన ఏడు వానాకాలంలో మన సంఘం పిల్లలతో మాహులి కోటకు పోయి వచ్చాక ఇక్కడే నాలుగు ముక్కలు రాశాం. "అందరూ క్షేమం, మార్కండేయ స్వామి దయ" అన్నాం. అందులో అబద్ధం లేదు, కానీ అది సగమే. మళ్లీ వానలు మొదలవుతున్నాయి, "ఈసారి ఎక్కడికి?" అని పిల్లలు అడుగుతున్నారు. అందుకే మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాం.

భివండీ నుంచి మాహులి ఎంతో దూరం కాదు. ఆసన్‌గావ్ దాటితే కొండ కనబడుతుంది. ఠాణే జిల్లాలో అన్నిటికన్నా ఎత్తైన కోట అదే. మేము 19 మందిమి. పొద్దున ఏడింటికే కొండ కింద ఉండాలనుకున్నాం. టిఫిన్లు, ఫొటోలు అయ్యేసరికి పదిన్నర దాటింది. ఊరి దగ్గర ఒక ముసలాయన ఆపి, "ఇప్పుడు ఎక్కకండి, మధ్యాహ్నం మీద వాగు పొంగుతుంది" అని మరాఠీలో చెప్పాడు. "మేము ఇక్కడే పుట్టి పెరిగినోళ్లం బాబా" అని నవ్వి ముందుకు పోయాం. పద్మానగర్ గల్లీలో పుట్టినంత మాత్రాన సహ్యాద్రి కొండ తెలిసిపోదని అప్పుడు మాకు తోచలేదు.

దిగేటప్పుడు మూడున్నరకి, ఇనుప నిచ్చెన దాటిన కాసేపటికి, పదకొండో తరగతి పిల్లవాడు జారాడు. మోకాలి కింద ఎముక విరిగింది. మంచు కమ్మేసి పది అడుగుల ముందున్న మనిషి కనబడడం లేదు. కింద వాగు చప్పుడు పెరుగుతోంది. ఇద్దరు బండ మీదికెక్కి సిగ్నల్ దొరకబట్టి 112కి ఫోన్ చేశారు. కాసేపట్లో తిరిగి ఫోన్ వచ్చింది. పోలీసులు కాదు, కొండల్లో చిక్కుకున్నవాళ్లను దించే స్వచ్ఛంద బృందం. అరుపులు లేవు, తిట్లు లేవు. ఎంతమంది? పిల్లవాడికి తెలివి ఉందా? ఎన్ని ఫోన్లలో చార్జింగ్ ఉంది? "ఒక్క ఫోన్ తప్ప అన్నీ ఆపేయండి. ఉన్నచోటు నుంచి కదలొద్దు. తడి బట్టలు పిండుకుని దగ్గర దగ్గరగా కూర్చోండి. మేము వస్తున్నాం."

చీకటి పడేవేళకు కింది ఊరి ఆదివాసీ పిల్లలు నలుగురు ముందు వచ్చారు. పొద్దున మేము నవ్విన ముసలాయన మనవడూ వాళ్లలో ఉన్నాడు. రాత్రి తొమ్మిదికి బృందం వచ్చింది. కాలికి బద్దలు కట్టి, పిల్లవాణ్ని స్ట్రెచర్‌లో పడుకోబెట్టి పట్టీలు బిగించారు. నిటారుగా ఉన్నచోట తాడు చెట్టుకు, బండకు కట్టి జానెడు జానెడుగా వదిలారు. దారి కాస్త బాగున్నచోట ఆరుగురు మోస్తే, కొద్దిసేపటికే ఇంకో ఆరుగురు భుజం మార్చుకున్నారు. వాగు మీద తాడు కట్టి మిగిలినవాళ్లను ఒక్కొక్కరినే దాటించారు. కిందికి చేరేసరికి తెల్లవారుజాము మూడు.

వాళ్లెవరు? ఒకాయన మందుల షాపులో పనిచేస్తాడు. ఒకాయన కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఇంకొకాయనకు పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ. జీతం లేదు, పెట్రోలు కూడా సొంత జేబులోంచే. మేము పోగుచేసి కవరులో పదివేలు పెట్టి ఇస్తే తీసుకోలేదు. చాయ్ మాత్రం తాగారు. "ఇవ్వాలనుంటే మీ పిల్లల్ని ఇద్దర్ని ట్రైనింగుకు పంపండి" అన్నారు.

ఇలాంటి బృందాలు సహ్యాద్రి పొడుగునా ఉన్నాయని మాకు తర్వాతే తెలిసింది. లోణావళాలో శివదుర్గ మిత్ర, ఖోపోలీలో యశవంతి హైకర్స్, మహాబళేశ్వర్‌లో మహాబళేశ్వర్ ట్రెక్కర్స్. ఎవరైనా చిక్కుకుంటే దగ్గరి బృందానికి కబురందించి కలిపేందుకు మహారాష్ట్ర మౌంటెనీర్స్ రెస్క్యూ కోఆర్డినేషన్ సెంటర్ అనే వ్యవస్థ ఉంది. 2018 జులైలో ఆంబెనళి ఘాట్‌లో బస్సు లోయలో పడినప్పుడు, తాళ్లతో దిగి శవాలను పైకి తెచ్చినవాళ్లలో ఈ ట్రెక్కర్లున్నారు. 2023 జులై 19 రాత్రి రాయగఢ్ జిల్లాలో ఇర్షాళ్‌వాడీ మీద కొండ విరిగిపడితే, బండి పోయే దారి లేదు, మట్టి తీసే పెద్ద యంత్రం ఎక్కదు. వానలో కాలినడకన ఎక్కి చేతులతో, పారలతో తవ్వారు. 27 మంది శవాలు దొరికాయి, 57 మంది ఆ మట్టిలోనే ఉండిపోయారు. బతికినవాళ్లను తెచ్చినప్పుడు ఫొటోలు వస్తాయి. చనిపోయినవాళ్లను ఇంటివాళ్లకు అప్పగించే పని కూడా వీళ్లదే, దానికి ఫొటోలుండవు.

ఇప్పుడు మన సంగతి. తిరిగొచ్చిన వారానికి మన హాల్లో సభ పెట్టి, "ధైర్యంగా నిలబడ్డారు" అని శాలువాలు కప్పుకున్నాం. ఎవరికి? మాకు మేమే. బృందాన్ని పిలవలేదు. ఊరి పిల్లల పేర్లు కూడా రాసుకోలేదు. ఆ ముసలాయన దగ్గరికి పోయి తప్పైందని చెప్పడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఆయన కూర్చోమని చాప వేశాడు.

ట్రైనింగు మాట పోయిన నెల కమిటీలో పెట్టాం. ఒక్కరూ ఒప్పుకోలేదు. "ఒక్కగానొక్క కొడుకు, లోయల్లోకి పంపుతామా?" అని ఒక తల్లి అడిగింది. ఆమె మాట తప్పని మేము అనం, మా ఇళ్లలోనూ అదే మాట. కానీ ఆ రాత్రి మన పిల్లవాణ్ని భుజాన మోసినవాళ్లూ ఎవరో తల్లుల కొడుకులే. ఆ తల్లులూ పొద్దుదాకా నిద్రపోయి ఉండరు. వాళ్ల కొడుకులు వచ్చినప్పుడు లేని భయం, మన కొడుకులు పోవాలంటే ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. అందుకే మీ ముందు పెడుతున్నాం.

ఈ ఏడు సంఘం నుంచి యాత్ర పోతే కొన్ని సంగతులు ఖాయం. పొద్దున తొమ్మిది దాటితే కొండ ఎక్కం. ఊరి మనిషిని దారి చూపడానికి డబ్బిచ్చి తీసుకుపోతాం. ఎవరెవరు పోతున్నారో, ఎప్పుడు దిగుతారో కింద రాసిచ్చి పోతాం. వాగు పొంగితే దాటం, ఆగుతాం. ఆ ఊరి పెద్దలు వద్దంటే వెనక్కి తిరుగుతాం.

ట్రైనింగుకు ఇద్దరు కావాలి. కొండ ఎక్కలేనివాళ్లు ప్రథమ చికిత్స నేర్చుకోవచ్చు. మొదటి పేరు రాసుకున్నాం. కాలు విరిగిన ఆ పిల్లవాడే. వాళ్లమ్మ ఇంకా ఒప్పుకోలేదు. రెండో పేరు ఎవరింటి నుంచి వస్తుందో ఆదివారం సభలో చెప్పండి.