ఒక్క చుక్కతో నీలం

అనంతపురం బోరు నీళ్ల గురించి మాకు తెలియనిదేముంది? కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీదున్నా గింజ గింజగానే ఉంటుంది. సబ్బు రుద్దితే నురగ రాదు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో, రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నానిన నీళ్లు మరి! అవి మంచివి కావని తెలుసు. ఎంత మంచివి కావో కళ్లముందే లెక్క తేలుతుందని మాత్రం నాకిన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

మొన్న ఒక కాలేజీ ల్యాబులో చూశాను. కుప్పెలో 50 మిల్లీలీటర్ల బోరు నీళ్లు. పీహెచ్ 10 దగ్గర నిలబడేలా అమ్మోనియా బఫర్, ఆపైన చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టి అనే రంగు. నీళ్లు ముదురు ద్రాక్షరసం రంగుకు తిరిగాయి. పైనున్న బ్యూరెట్ నుంచి ఈడీటీఏ అనే రసాయన ద్రావణం దిగుతోంది. ఎంతసేపటికీ ఏమీ కాదు. "ఇంక నిదానంగా అన్నా, చుక్క చుక్కగా," అన్నాడు ల్యాబు కుర్రాడు. అంచుల్లో కాస్త ఊదా తొంగిచూసింది. ఇంకో చుక్క పడింది. కుప్పె మొత్తం నీలం! ఒక్క చుక్కకు!

ఇందులో జరిగేది ఇంకా అద్భుతం. ఈడీటీఏ అణువు ఒక లోహ అయాన్‌ను ఆరు చోట్ల చుట్టేసి పట్టుకుంటుంది. ఒక అణువుకు ఒకటే అయాన్, కచ్చితంగా. నీళ్లను కఠినం చేసేవి కాల్షియం, మెగ్నీషియం. కాల్షియం మీద దానికున్న పట్టు మెగ్నీషియం మీద ఉన్నదానికి దాదాపు 100 రెట్లు. అందుకని ముందు కాల్షియం దొరికిపోతుంది, తర్వాత మెగ్నీషియం. చివరికి రంగు అణువు చేతిలో ఉన్న కాస్త మెగ్నీషియాన్ని కూడా లాగేసుకుంటుంది. చేయి ఖాళీ అయిన రంగు అణువుకు ఆ పీహెచ్ దగ్గర సొంత రంగు నీలం. అంటే లోహం అయిపోయిందని ఆ రంగే చెబుతోంది!

20 మిల్లీలీటర్ల 0.01 మోలార్ ఈడీటీఏ ఖర్చయిందనుకోండి, లీటరుకు 400 మిల్లీగ్రాముల కఠినత. భారతీయ ప్రమాణాల ప్రకారం 200 దాకా మేలు, వేరే దారి లేకపోతే 600 దాకా ఫరవాలేదు.

19వ శతాబ్దంలో థామస్ క్లార్క్ ఈ లెక్కను సబ్బు నురగతోనే తేల్చాడట, మన పెరట్లో చూసే ఆ నురగతోనే! ఈడీటీఏను 1930లలో జర్మనీలో ఫెర్డినాండ్ మ్యూంజ్ తయారుచేసింది బట్టల పరిశ్రమ కోసం. ఎరియోక్రోమ్ బ్లాక్ టి కూడా ఉన్నికి వేసే అద్దకం రంగే. ఈ రెండింటినీ ఒక కుప్పెలోకి తెచ్చి కొలతగా మార్చింది 1940లలో జ్యూరిక్‌లోని గెరాల్డ్ ష్వార్జెన్‌బాఖ్ బృందం. ఆయనకు నా దండాలు.

పీహెచ్‌ను 12 దాటిస్తే మెగ్నీషియం అవక్షేపమై పక్కకు తప్పుకుంటుంది, కాల్షియం ఒక్కదాన్నే కొలవొచ్చు. మన జిల్లాకు ఇది చాలా ముఖ్యం. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కొంత అవక్షేపమైపోతుంది. తక్కువున్నచోట నీళ్లలోనే మిగులుతుంది. సబ్బు బాగా నురగొచ్చే బోరులో కూడా పళ్లకు, ఎముకలకు చేటు ఉండొచ్చన్నమాట. ఫ్లోరైడ్‌కు వేరే పరీక్ష కావాలి, నిజమే. అయినా తాడిపత్రి సున్నపురాయి నేల నీళ్లు, కళ్యాణదుర్గం గ్రానైట్ నేల నీళ్లు పక్కపక్కన పెట్టి, ఏ కుప్పె ఎన్ని మిల్లీలీటర్లకు నీలమవుతుందో చూసేదాకా నాకు ఆగేలా లేదు.