బండి ఆపించిన పాట

పాటలు తయారుచేసేవాడికి ఇష్టమైన పాటంటే తీపి జ్ఞాపకమనుకుంటాం. నాకది తీరని పనిలా కనిపిస్తుంది. అమెరికన్ సంగీతకారుడు బ్రయాన్ విల్సన్‌నే చూడండి. 1963లో కారు రేడియోలో రోనెట్స్ బృందం పాడిన ‘బి మై బేబీ’ వినగానే బండి పక్కకు తీసి ఆపేశాడు. నిర్మాత ఫిల్ స్పెక్టర్ పియానోలూ గిటార్లూ ఒకదానిమీదొకటి పేర్చి, ప్రతిధ్వని గదిలోంచి పంపి, ఏది ఏ వాయిద్యమో విడదీయలేనంతగా కలిపేశాడు. విల్సన్‌ను పట్టుకున్నది ఆ కలగలుపే. 1964లో ‘డోంట్ వరీ బేబీ’ పాటతో దానికి జవాబిచ్చాడు, 1966 నాటి ‘పెట్ సౌండ్స్’ ఆల్బమ్ కోసం స్పెక్టర్ వాడిన గోల్డ్ స్టార్ స్టూడియోకే వెళ్లాడు.

లోపలి కుట్లు తెలిస్తే బట్ట అందం పోతుందంటారు. వంటవాళ్లకు ఆకలి చచ్చిపోతుందన్న మాటలాంటిదే ఇదీ. విల్సన్ మాత్రం ఆ కుట్లన్నీ తెలిశాక కూడా దశాబ్దాలపాటు అదే పాట పెట్టుకుని వింటూ ఉండిపోయాడు.